తరగతి గదిలో కన్యాశుల్కము

నాటకమును చదువుట పరీక్షకనియు, ఆడుట వార్షికోత్సవమునకనియు పలువురి అభిప్రాయము. తెలుగు బోధించు మాకు మాత్రము ఈ రెండును ఒకే పనిగా తోచును. గురజాడ అప్పారావుగారి కన్యాశుల్కమునే ఉదాహరణగా తీసికొందము.

ఈ నాటకము 1892లో విజయనగరమున ప్రదర్శింపబడి, 1897లో అచ్చయినది. 1909లో పెంచి వ్రాసిన కూర్పునే నేడు మనము చదువుచున్నాము. ఇందు అగ్నిహోత్రావధానులు తన చిన్న కూతురు సుబ్బిని, శుల్కము పుచ్చుకొని, లుబ్ధావధానులను ముసలివానికి ఇయ్య నిశ్చయించును. మేనమామ కరటకశాస్త్రి తన శిష్యునకు ఆడవేషము వేసి, ఆ ముసలివానికే అంటగట్టి, మేనకోడలిని తప్పించును.

ఈ కథ వినగానే పిల్లలు నవ్వుదురు. నవ్వవలసినదే. కాని పాత్రలు పంచునప్పుడు అందరును గిరీశము వేషమే కోరుదురు, సుబ్బిని కోరువారుండరు. అప్పుడు మేమొక పని చేయుదుము. పెండ్లి ప్రస్తావన వచ్చు ఘట్టమును చదివించునప్పుడు, ఒక బాలికను సుబ్బిగా నడుమ కూర్చుండబెట్టుదుము. చుట్టును తక్కినవారు తమ తమ మాటలు చదువుదురు. తండ్రి పట్టుదల వినబడును, తల్లి వెంకమ్మ దుఃఖము వినబడును; సుబ్బి ఇష్టమును మాత్రము ఎవరును అడుగరు. కొంతసేపటికి తరగతిలో నవ్వు దానంతట అదే తగ్గును.

అప్పుడు గ్రంథకర్త పీఠికలోని లెక్కలు చెప్పుదుము. విజయనగర మహారాజావారు విశాఖ ప్రాంతమున మూడేండ్లలో జరిగిన శుల్క వివాహముల పట్టిక వ్రాయింపగా 1,034 తేలినవి. అందు 99 మంది బాలికలు ఐదేండ్లవారు. ముగ్గురు ఏడాది పిల్లలు. ఆ పట్టికయు సంపూర్ణము కాదని అప్పారావుగారే వ్రాసిరి. నటనలో చూచిన సుబ్బి ఈ అంకెలకు ముఖమై నిలుచును. పుస్తకము మూసి వల్లించిన సారాంశమునకు ఈ శక్తి లేదు.

ఇది పాత కథయని కొట్టివేయ వీలులేదు. పదునెనిమిదేండ్లు నిండని బాలికకు పెండ్లి చేయుట చట్టవిరుద్ధమైనను, చదువు ముగియకమునుపే సంబంధములు చూడబడు బాలికలు నేటికిని మన బడులలో కలరు. తనకై పలుకలేని పిల్ల, పాత్రకై పలుకుచు తన మాటను కూడ కనుగొనవచ్చును.

తల్లిదండ్రులకు ఒక్క మనవి. మీ బిడ్డ ఇంట పాత్రను వల్లించుచుండగా, అక్షరము తప్పినదా యని మాత్రమే చూడకుడు. "ఆ మాట ఆ మనిషి ఏల అన్నది? నీవైతే ఏమందువు?" అని అడుగుడు. బిడ్డ చెప్పు సమాధానమును తుదివరకు వినుడు.