నాదస్వరం మన వారసత్వం



ఒంగోలు చెంత కరవదిలో 1924లో జన్మించిన షేక్ చినమౌలానా సాహెబ్ శ్రీరంగంలో స్థిరపడి, నాదస్వర విద్వాంసునిగా 1977లో పద్మశ్రీ, 1998లో సంగీత కళానిధి గౌరవం పొందారు. ఆయన శిష్యులైన మహబూబ్ సుభానీ, కాలీషాబీ దంపతులకు 2020లో పద్మశ్రీ లభించింది.

అయినా “గుడి ముంగిట మీకేం పని?” అని ఒకరు, “నమాజు చేసేవారికి కీర్తనలెందుకు?” అని మరొకరు మమ్మల్ని ప్రశ్నిస్తున్నారు. ఇరువురికీ మా సమాధానం ఒక్కటే: తాతల నాటి నుండి సాధనతో సంక్రమించిన విద్య ఇది, దీనిని విడువము.

పురస్కారాలు కొందరికే. పల్లె కళాకారునికి పెళ్లి ముహూర్తాలు ముగిస్తే రాబడి ఉండదు. మేము జాలి కోరడం లేదు. వృద్ధ కళాకారులకు పింఛను, ఉత్సవాలకు వివక్ష లేని పిలుపు హక్కుగా అడుగుతున్నాము.

తల్లిదండ్రులారా, మూలనున్న నాదస్వరాన్ని బిడ్డల చేతికివ్వండి, ఆడపిల్లలకు కూడా.