ఇంజన్ ఆయిల్ మార్చే ముందు కొలత ఎక్కడ వెతకాలి
(కౌలాలంపూర్‌లో సభ్యుల వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)

వారానికి ఒక్క సెలవు, అది కూడా వదులుకుని వచ్చారు. పనికొచ్చే మాట చెప్పి దిగిపోతాను.

నేను ఉపన్యాసాలు ఇచ్చేవాణ్ణి కాదు, బండ్ల కింద పడుకుని పనిచేసేవాణ్ణి. ఈ దేశం వచ్చిన మొదటి ఏడాది నేను చేసిన పొరపాటు ఒకటి చెబుతాను. అప్పుడు నేను ఒక గోడౌన్‌లో ఉన్నాను. కంపెనీకి చిన్న వ్యాన్ ఉండేది. ఒకరోజు ఓనర్ ఆయిల్ డబ్బా, కొత్త ఫిల్టర్ తెచ్చి ఇచ్చి, మిన్యాక్ హితామ్ మార్చెయ్ అన్నాడు. ఇక్కడ ఇంజన్ ఆయిల్‌ను అందరూ అలాగే అంటారు కదా, నల్ల నూనె అని. ఎంత పొయ్యాలో నాకు తెలియదు. పక్కనున్న సీనియర్‌ను అడిగాను. "డబ్బా మొత్తం పోసెయ్ రా, ఏ బండికైనా నాలుగు లీటర్లే" అన్నాడు. పోసేశాను.

రెండు రోజులకు వ్యాన్ వెనక నీలం పొగ. మూడో రోజు కింద నూనె చుక్కలు. సీల్ పోయింది. ఆ ఖర్చు నా జీతంలో కోశారు. ఆ నెల ఇంటికి డబ్బు పంపలేదు. ఫోన్‌లో మా అమ్మకు ఒంట్లో బాగాలేదని అబద్ధం చెప్పాను.

ఆ బండిని బాగుచేసిన పెద్ద మెకానిక్, చైనీస్ ఆయన, నన్ను తిట్టలేదు. వ్యాన్ ముందు సీటు దగ్గరి అర తెరిచి, ప్లాస్టిక్ కవర్ కూడా విప్పని పుస్తకం తీశాడు. చివరి పేజీల్లో ఒక పట్టిక చూపించాడు. ఫిల్టర్‌తో కలిపి మార్చితే మూడు లీటర్ల పైన కొంచెం, అంతే. నేను మనుషుల్ని అడుగుతూ తిరిగాను. పుస్తకం బండిలోనే ఉంది.

ఎక్కువ పోస్తే ఏమవుతుందంటారా? లోపల తిరిగే క్రాంక్ వెళ్లి నూనెలో కొట్టుకుంటుంది. నూనె నురగ అవుతుంది. నురగలో గాలి ఉంటుంది కాబట్టి పంపు నూనెను సరిగ్గా లాగలేదు, ప్రెషర్ పడిపోతుంది. సీళ్లలోంచి నూనె బయటికి తన్నుకొస్తుంది. తక్కువ పోస్తే సరేసరి, ఇనుము ఇనుము రాసుకుని ఇంజన్ పట్టేస్తుంది.

మన ఇళ్లలో అన్నం వండేటప్పుడు పాత బియ్యానికి ఎసరు ఎక్కువ పెడతారు, కొత్త బియ్యానికి తక్కువ. బియ్యం ఏదో తెలియకుండా ఎసరు పెట్టరు. ఇంజన్ కూడా అంతే. ముందు అది ఏ ఇంజనో తెలియాలి.

ఉదాహరణకు మన కళ్ల ముందు రోజూ తిరిగే పెరొడువా మైవి తీసుకోండి. 2005లో వచ్చిన మొదటి మైవిలో 1.0, 1.3 రెండు ఇంజన్లు ఉండేవి. 2011లో వచ్చిన రెండో రకంలో 1.3, 1.5. 2017లో మూడో రకం వచ్చింది, దాంట్లోనూ 1.3, 1.5 ఉన్నా ఆ ఇంజన్లు వేరు. పేరు ఒకటే, లోపల సంగతి వేరు. "మైవికి ఎంత పొయ్యాలి" అని అడిగితే ఎవరు ఏ మైవి గురించి చెబుతున్నారో తెలియదు. అందుకే ముందు తయారైన ఏడాది, ఇంజన్ సైజు, ఇంజన్ నంబరు, ఛాసిస్ నంబరు రాసుకోండి. బండి గెరాన్‌లో ఇవన్నీ ఉంటాయి.

ఇక కొలతలు ఎక్కడ దొరుకుతాయి? నేను ఈ వరుసలో వెతుకుతాను.

మొదటిది, బండితో వచ్చిన ఓనర్ పుస్తకం. చివర్లో స్పెసిఫికేషన్ల పేజీ ఉంటుంది. మలయ్ భాషలో ఉంటే భయపడకండి, మూడు మాటలు గుర్తుంచుకుంటే చాలు: మిన్యాక్ ఎంజిన్ అంటే ఇంజన్ ఆయిల్, పెనాపిస్ అంటే ఫిల్టర్, కపసితి అంటే ఎంత పడుతుందో ఆ కొలత. ఫిల్టర్ మార్చితే ఒక అంకె, మార్చకపోతే ఒక అంకె, రెండు ఉంటాయి. తికమక పడకండి.

రెండోది, పుస్తకం పోయి ఉంటే బండి తయారుచేసిన కంపెనీ వెబ్‌సైట్. చాలా కంపెనీలు పుస్తకాలను అక్కడే ఉచితంగా పెడతాయి. లేదా ఆ కంపెనీ సర్వీస్ సెంటర్‌కు వెళ్లి ఛాసిస్ నంబరు చూపించి అడగండి. అడిగితే పోయేదేముంది?

మూడోది, బానెట్ కింద అంటించిన స్టిక్కర్, నూనె పోసే మూత. చాలా బండ్లలో మూత మీదే ఏ గ్రేడో రాసి ఉంటుంది. కానీ మూతలు మారిపోతుంటాయి, పాత బండి అయితే దాని ఒక్కదాన్నే నమ్మకండి.

నాలుగోది, వర్క్‌షాప్ మాన్యువల్. ఓనర్ పుస్తకంలో లేని సంగతులు, ముఖ్యంగా కింద బోల్టు ఎంత బిగించాలో, ఇందులో ఉంటాయి.

ఇప్పుడు ఆ అంకెల అర్థం. 5డబ్ల్యూ-30 అని ఉంటే, డబ్ల్యూ అంటే వింటర్, చలికాలం. ముందున్న అంకె చలిలో నూనె ఎంత తేలిగ్గా కదులుతుందో చెబుతుంది. వెనకున్న అంకె ఇంజన్ వేడెక్కాక, 100 డిగ్రీల దగ్గర, ఎంత చిక్కగా ఉంటుందో చెబుతుంది. ఇక్కడ ఎండ ఎక్కువ కాబట్టి చిక్కటి నూనె మంచిదని చాలామంది అంటారు. చెప్పేవాడికి వినేవాడు లోకువ. పలచటి నూనె కోసం చేసిన ఇంజన్‌లో సందులు సన్నగా ఉంటాయి. కొన్ని పుస్తకాల్లో వాతావరణాన్ని బట్టి రెండు మూడు గ్రేడ్లు ఇస్తారు. అందులోంచే ఎంచుకోండి.

డబ్బా మీద ఏపీఐ అని ఇంకో గుర్తు ఉంటుంది. ఎస్‌తో మొదలైతే పెట్రోల్ బండ్లకు, ఎస్‌ఎన్, ఎస్‌పీ లాగా. ఎస్‌పీ 2020లో వచ్చింది. సీతో మొదలైతే డీజిల్‌కు. లారీకి మిగిలిన నూనె కారులో పొయ్యకండి.

మోటార్ సైకిళ్ల మీద తిరిగే తమ్ముళ్లకు ఒక మాట. చాలా బైకుల్లో క్లచ్ ఇంజన్ నూనెలోనే మునిగి ఉంటుంది. కార్లకు వాడే కొన్ని నూనెల్లో జారుడు పెంచే మందు కలుపుతారు, దాంతో క్లచ్ జారిపోతుంది. డబ్బా మీద జాసో ఎంఏ అని చూసి కొనండి. స్కూటర్లకు ఎంబీ కూడా ఉంటుంది. మీ బండికి ఏది కావాలో దాని పుస్తకమే చెబుతుంది.

ఇక బోల్టు. గట్టిగా బిగిస్తే మంచిదనుకుంటాం. చాలా బండ్లలో నూనె తొట్టి అల్యూమినియం, మర ఊడిపోతే తొట్టే మార్చాలి. పుస్తకంలో న్యూటన్ మీటర్లలో అంకె ఉంటుంది. పాత పుస్తకాల్లో కిలోగ్రామ్ ఫోర్స్ మీటర్లలో ఉంటుంది. 4 అని కనిపిస్తే అది సుమారు 39 న్యూటన్ మీటర్లు. ఏ కొలతో చూసి టార్క్ రెంచితో బిగించండి. వాషర్ కొత్తది వెయ్యండి. పాత ఫిల్టర్ తీసినప్పుడు దాని రబ్బరు ఇంజన్‌కే అంటుకుని మిగిలిందేమో వేలితో తడిమి చూడండి. ఒట్టి జాకీ మీద నిలబెట్టిన బండి కిందికి మాత్రం దూరకండి. స్టాండ్లు పెట్టండి. ఇంటి దగ్గర మీ కోసం ఎదురుచూసేవాళ్లు ఉన్నారు.

పాత నూనెను కాలవలో పొయ్యకండి. ఇక్కడి కాలవలన్నీ చివరికి గొంబాక్, క్లాంగ్ నదుల్లోకే పోతాయి. మలేషియాలో 2005 నిబంధనల ప్రకారం వాడేసిన ఇంజన్ ఆయిల్ ప్రమాదకర వ్యర్థం, దాని కోడ్ ఎస్‌డబ్ల్యూ 305. డబ్బాలో పోసి, మూత బిగించి, వాడిన నూనె తీసుకునే వర్క్‌షాప్‌లో ఇవ్వండి.

ఇంకో జాగ్రత్త. మన పర్మిట్‌లో ఒక యజమాని, ఒక రంగం రాసి ఉంటాయి. పని నేర్చుకున్నాం కదా అని బయట డబ్బు తీసుకుని రిపేర్లు చేస్తే ఇమిగ్రేషన్ చిక్కుల్లో పడతారు. నేర్చుకోండి, కానీ ఆ దారిలో వెళ్లకండి. అలాగే జీతంలో ఇష్టమొచ్చినట్టు కోయడానికి వీల్లేదు. 1955 ఉద్యోగ చట్టం దానికి హద్దులు పెట్టింది. నాకు అప్పుడు ఆ సంగతి తెలియదు. మీకెవరికైనా అలా జరిగితే లేబర్ ఆఫీసుకు వెళ్లండి, ఒంటరిగా వెళ్లలేకపోతే మన ఫోరం వాళ్లను వెంట తీసుకెళ్లండి.

ఆ రోజు నుంచి నేను జేబులో ఒక చిన్న నోటుబుక్ పెట్టుకుంటున్నాను. బండి, ఏడాది, ఇంజన్, నూనె గ్రేడు, ఎన్ని లీటర్లు, బోల్టు బిగింపు, ఫిల్టర్ నంబరు, ఏ పుస్తకంలో ఏ పేజీలో చూశానో. ఎవరైనా "నీకెవరు చెప్పారు" అంటే పేజీ తీసి చూపిస్తాను. చెప్పుడు మాట మీద పనిచేస్తే తప్పు మన నెత్తికొస్తుంది. పేజీ చూపించి పనిచేసినవాడితో ఓనర్ కూడా వేరేగా మాట్లాడతాడు.

ఇంటికి వెళ్లేటప్పుడు ఒక నోటుబుక్ కొనుక్కోండి. రేపు పనిలోకి వెళ్లగానే మీ బండి అర తెరిచి చూడండి, పుస్తకం ఉందేమో.