సోమవారం నాటి అన్నం
(న్యాయవాద వృత్తిలో నూతనంగా ప్రవేశించిన వారి కోసం దేవస్థాన మండపంలో చేసిన ప్రసంగ పాఠం)

స్వామివారి సన్నిధిలో సమావేశమైన భక్తజనులారా, నల్లకోటు ధరించే ముందు స్వామివారి ఆశీస్సులు కోరి వచ్చిన యువతీయువకులారా!

నేను న్యాయస్థానంలో ఏనాడూ వాదించినవాణ్ణి కాను. వ్యాకరణమూ ధర్మశాస్త్రమూ గురుముఖతః అభ్యసించి, వాటినే పిల్లలకు బోధించి విశ్రమించినవాణ్ణి. న్యాయవాదులకు నాలుగు మాటలు చెప్పవలసినదని నిర్వాహకులు కోరినప్పుడు సంకోచించాను. అయితే కక్షిదారుగా ఒక పర్యాయం వకీలుగారి గడప తొక్కినవాణ్ణి. ఆ గడపలో నేను నేర్చుకున్నది నా పుస్తకాలలో ఉన్నదే. కానీ అంతవరకు అది నాకు కంఠస్థం మాత్రమే, హృదయస్థం కాలేదు.

మన ధర్మశాస్త్రాలలో వ్యాజ్యానికి ‘వ్యవహారం’ అని పేరు. ఆ పదాన్ని కాత్యాయనుడు మూడు ముక్కలుగా విడదీశాడు. ‘వి’ అంటే నానావిధములైనది, ‘అవ’ అంటే సందేహం, ‘హారం’ అంటే తొలగించడం. నానావిధ సందేహాలను తొలగించేది వ్యవహారం. గమనించండి, గెలిపించేది అని గాని, ఓడించేది అని గాని ఆయన చెప్పలేదు. యాజ్ఞవల్క్య స్మృతికి విజ్ఞానేశ్వరుడు రచించిన మితాక్షర వ్యాఖ్యను ఆధారం చేసుకొని, 13వ శతాబ్దంలో మూలఘటిక కేతన ‘విజ్ఞానేశ్వరీయం’ అనే గ్రంథాన్ని తెలుగు పద్యాలలో రచించాడు. సంస్కృతం రాని వానికి కూడా తన హక్కు ఏదో, తన బాధ్యత ఏదో తెలియాలన్న ఔదార్యం అందులో ఉన్నది. తెలిసినదానిని తెలియనివానికి అందించడమే విద్యావంతుని మొదటి దానం.

మనిషి పుట్టుకతోనే దేవ, ఋషి, పితృ ఋణాలను మోసుకొని వస్తాడని వేదం చెబుతున్నది. శతపథ బ్రాహ్మణం వీటికి నాల్గవది చేర్చింది. అది మనుష్య ఋణం. తోటి మనిషికి ఆశ్రయమూ అన్నమూ ఇచ్చి దానిని తీర్చుకోవాలి. కృతజ్ఞత అంటే ఈ ఋణాలు జ్ఞాపకం ఉండటం; ఔదార్యం అంటే వాటిని తీర్చడం. మొదటిది లేకుండా రెండవది చేస్తే దానం చేశానన్న అహంకారం మిగులుతుంది. మొదటిది ఉండి రెండవది లేకపోతే కేవలం మాట మిగులుతుంది.

ఇక నా కథ. మా తండ్రిగారు గతించిన తరువాత నాకూ మా తమ్మునికీ కొద్దిపాటి పొలం గురించీ, పెరటి గోడ గురించీ మాటపట్టింపు వచ్చింది. నేను దాయవిభాగ ప్రకరణం పాఠం చెప్పేవాణ్ణి గనుక న్యాయం నా పక్షాననే ఉన్నదని నా దృఢ విశ్వాసం. పట్టణంలో పేరుపొందిన ఒక పెద్ద వకీలుగారి వద్దకు కాగితాల మూట పట్టుకొని వెళ్ళాను. అడ్వాన్సు రుసుము ఆయన బల్లపై ఉంచాను. ఆయన కాగితాలన్నీ ఓపికగా చదివి, కళ్ళద్దాలు తీసి, ఒకే ప్రశ్న వేశారు.

“శాస్త్రిగారూ, మీ తమ్ముడు మీ ఇంట భోజనం చేసి ఎన్నాళ్ళయింది?”

నా వద్ద సమాధానం లేదు. సంవత్సరీకం నాడు కూడా వేర్వేరుగా పిండప్రదానం చేసుకున్నాం మేము.

“దావా నేను వేయగలను. గెలవనూ గెలవవచ్చు. కానీ మీ ఇద్దరిలో ఎవరి పక్షాన తీర్పు వచ్చినా రెండవవారు అప్పీలుకు వెళతారు. ఈ పొలం ఖరీదు ఖర్చుల కింద పోతుంది. ఒక్కసారి ఆయనను వెంటబెట్టుకొని రండి” అన్నారు.

నాకు కోపం వచ్చింది. నా పక్షం బలహీనమని ఆయన అనుకుంటున్నారేమోనని శంకించాను. పది రోజులు వెళ్ళలేదు. చివరకు మా ఇంటి ఇల్లాలు వెళ్ళి మా మరదలితో మాట్లాడినది గనుక సరిపోయింది గాని, శాస్త్రం చదివిన నేను ఒక్క అడుగు కూడా వేయలేకపోయాను. మేమిద్దరం వకీలుగారి ఎదుట కూర్చున్నాము. ఒక పూటలో గోడ సంగతి తేలింది. మూడవ సమావేశంలో పొలం సంగతి తేలింది. ఆయన నా అడ్వాన్సును కవరుతో సహా తిరిగి ఇచ్చివేశారు.

ఎందుకు తీసుకోరని అడిగాను. “మీరు మొదట వచ్చినది సోమవారం. సోమవారం వచ్చిన కాగితాలకు నేను ఫీజు తీసుకోను” అన్నారు. తరువాత మెల్లగా చెప్పారు. చిన్నతనంలో ఆయన వారాలు చేసుకొని చదువుకున్నవారు. వారానికి ఏడు ఇళ్ళు. సోమవారం ఇల్లు ఒక వితంతువుది. ఆమెకు తన పూట గడవడమే కష్టం. అయినా ఆరేళ్ళు ఒక్క సోమవారం కూడా ఆ విస్తరి తప్పలేదు. ఆయన సంపాదన మొదలయ్యేనాటికి ఆమె లేదు. “ఆమెకు తీర్చడానికి దారి లేదు శాస్త్రిగారూ. అందుకని ఆ వారం నాది కాదు” అన్నారు.

ఆయన బీరువాలో సోమవారం కాగితాలు వేరే కట్టగా ఉండేవి కావు. ఫీజు ఇచ్చినవారి కాగితాల మధ్యనే, వాయిదా తేదీల వరుసలోనే ఉండేవి. “వేరే కట్ట కడితే అది వెనక్కు పోతుంది” అనేవారు. యువ న్యాయవాదులారా, ఈ మాటను గట్టిగా పట్టుకోండి. ఉచితంగా తీసుకున్న కేసును అశ్రద్ధగా నడపడం దానం కాదు, దగా. బీదవానికి వాయిదా పడిన ప్రతి దినమూ ఒక దినపు కూలి నష్టం.

మా తమ్ముడు తరువాత తొమ్మిదేళ్ళు జీవించాడు. చివరి రోజులలో నా చేతితో గంజి త్రాగాడు. ఆ దావా నడిచి ఉంటే ఆ పడక వద్దకు నేను ప్రతివాదిగా వెళ్ళవలసి వచ్చేది, లేదా వెళ్ళకుండానే ఉండేవాణ్ణి. ఆ వకీలుగారు నాకు ఇచ్చినది పొలం కాదు, ఆ తొమ్మిదేళ్ళు.

ఈ కథ విని అన్ని తగవులనూ రాజీ చేయడమే ధర్మమని భ్రమపడవద్దు. మేమిద్దరం సమబలులం. బలవంతుడు బలహీనుణ్ణి రాజీ పేరుతో అణచివేసే చోట, మనోవర్తికై ఇల్లాలు ఏడ్చే చోట, కూలి ఎగవేసిన చోట నిలబడి వాదించడమే ధర్మం. ఎక్కడ కలపాలో, ఎక్కడ పోరాడాలో తెలుసుకోవడమే మీ వివేకం.

వృత్తి సంపాదనను ఒక ఆశయానికి అర్పించినవారిని మన నేల చూసింది. టంగుటూరి ప్రకాశం పంతులుగారు 1872లో జన్మించారు. పసితనంలోనే తండ్రి పోగా, తల్లి సుబ్బమ్మగారు ఒంగోలులో పూటకూళ్ళ ఇల్లు నడిపి పిల్లలను పెంచారు. ఇమ్మానేని హనుమంతరావు నాయుడుగారనే ఉపాధ్యాయుడు ఆ పిల్లవాని తెలివిని గుర్తించి, వెంటబెట్టుకొని రాజమహేంద్రవరం తీసుకువెళ్ళి చదివించారు. ఆ బాలుడే ప్లీడరయ్యాడు, ఇంగ్లండు వెళ్ళి బారిష్టరయ్యాడు, మద్రాసు హైకోర్టులో ధనమూ కీర్తీ గడించాడు. సహాయ నిరాకరణ కాలంలో ఆ ప్రాక్టీసును విడిచిపెట్టి, ‘స్వరాజ్య’ పత్రికకూ దేశసేవకూ తన సర్వస్వాన్నీ వినియోగించాడు. 1953లో ఆంధ్ర రాష్ట్రానికి తొలి ముఖ్యమంత్రి అయిన ఆయన, 1957లో గతించేనాటికి ఆస్తులు కూడబెట్టుకోలేదు. ఒక తల్లి వడ్డించిన అన్నమూ, ఒక గురువు పట్టిన చేయీ అంత దూరం ప్రయాణించాయి.

మిమ్మల్ని సర్వస్వం విడిచిపెట్టమని నేను చెప్పను. గృహస్థు సంపాదించాలి. న్యాయమైన ఫీజు తీసుకోవడం దోషం కాదు. మీ వద్ద పనిచేసే జూనియరుకూ గుమాస్తాకూ సకాలంలో జీతం ఇవ్వడం మీ ఔదార్యానికి మొదటి మెట్టు. వకీలుగారు కోర్టులో దయామయుడై ఇంట్లో గుమాస్తాకు బాకీ పడితే ఆ దయకు వేరు లేదు. అవసరంలో ఉన్నవాడు పూర్తి రుసుము ఇవ్వలేకపోయినా న్యాయ సహాయం పొందడానికి అర్హుడేనని మీ బార్ కౌన్సిల్ నియమాలే చెబుతున్నాయి. తన శక్తి మేరకు నిరుపేదకు ఉచితంగా సహాయపడటం న్యాయవాది సమాజానికి చెల్లించవలసిన ఉన్నతమైన బాధ్యతలలో ఒకటని కూడా వాటిలో ఉన్నది.

యాత్రికులకూ దాతలకూ ఒక్క మాట. 1987 నాటి న్యాయసేవల అధికార సంస్థల చట్టం 1995 నవంబరు 9 నుండి అమలులోనికి వచ్చింది. స్త్రీలు, బాలలు, షెడ్యూల్డు కులాలవారు, తెగలవారు, దివ్యాంగులు, నిర్బంధంలో ఉన్నవారు ఆదాయంతో నిమిత్తం లేకుండా ఉచిత న్యాయ సహాయానికి అర్హులు. ప్రభుత్వం నిర్ణయించిన పరిమితికి లోబడిన ఆదాయం గల ఇతరులు కూడా అర్హులే. జిల్లా కోర్టు ఆవరణలోని న్యాయసేవాధికార సంస్థకు వెళ్ళవచ్చు, 15100 నంబరుకు ఫోను చేయవచ్చు. లోక్ అదాలత్‌లో ఉభయులూ సమ్మతించి రాజీపడితే అదే తుది తీర్పు. దానిపై అప్పీలు ఉండదు. ముందే చెల్లించిన కోర్టు ఫీజు కూడా తిరిగి వస్తుంది. ఈ సంగతి మీ ఊరిలో తెలియని ఒక్కరికి చెప్పండి. కొండ ఎక్కి వచ్చిన పుణ్యానికి అది తోడవుతుంది.

తిరిగి ఏమీ ఇవ్వలేనివానికి, ఇవ్వవలసినదన్న భావంతో, తగిన చోట, తగిన వేళ ఇచ్చేది సాత్త్విక దానమని గీతాచార్యుని ఉపదేశం. కక్షిదారు కన్నీటితో తడిసిన ధనాన్ని తెచ్చి హుండీలో వేసినంత మాత్రాన అది పవిత్రం కాదు. ఆ కన్నీటిని తుడిచి వట్టి చేతులతో వచ్చినా స్వామి సన్నిధిలో మీరు దాతలే.

ఈ రాత్రి ఇంటికి వెళ్ళి ఒక కాగితం మీద మీకు అన్నం పెట్టినవారి పేర్లు, ఫీజు కట్టినవారి పేర్లు, పుస్తకం అరువిచ్చినవారి పేర్లు వ్రాయండి. వారిలో జీవించి ఉన్నవారికి రేపే నమస్కరించండి. లేనివారి కోసం వారంలో ఒక రోజును విడిచిపెట్టండి. ఏ రోజన్నది మీ ఇష్టం. నాకు మాత్రం సోమవారం వచ్చినప్పుడల్లా, నేను ఎన్నడూ చూడని ఒక తల్లి వడ్డించిన విస్తరి కళ్ళ ముందు కనిపిస్తుంది. ఆమె పేరు అడగలేకపోయానే అన్న వెలితి ఇప్పటికీ ఉన్నది.

స్వామివారి కృప మీ వాక్కుకు బలమై, మీ హస్తానికి ఔదార్యమై నిలుచుగాక. స్వస్తి.