గోడమీది పేరు ఎవరిది?

(మేడ్చల్, శామీర్‌పేట ప్రాంతాల యువతీయువకులను ఉద్దేశించి చేసిన ప్రసంగ పాఠం)



మేడ్చల్ నుండి శామీర్‌పేట దాకా మందుల దుకాణాల కౌంటర్ల వెనుక మన పిల్లలు పనిచేస్తున్నారు. వైద్యుని గజిబిజి చేతివ్రాతను వారు అవలీలగా చదువుతారు. గడువు దగ్గరపడిన సరుకును వేరుచేసి పంపిణీదారుకు తిప్పి పంపుతారు. అయినా గోడమీద వేలాడే ధ్రువపత్రంలోని పేరు వారిది కాదు. కొన్నిచోట్ల ఆ పేరుగల ఫార్మసిస్టు దుకాణం గడప తొక్కడు. నెలకింత అని పుచ్చుకొని తన పత్రాన్ని అద్దెకిస్తాడు. అధికారులు తనిఖీకి వచ్చిన రోజున దిక్కులు చూసేది మాత్రం మన పిల్లవాడే.

1948 నాటి ఫార్మసీ చట్టం ప్రకారం వైద్యుని చీటీపై మందు ఇవ్వవలసినది రిజిస్టర్డ్ ఫార్మసిస్టు. అమెరికాలో ఫార్మసీ టెక్నీషియన్ అన్నది వేరొక గుర్తింపు పొందిన వృత్తి. మన దుకాణంలోని సహాయకునికి చట్టంలో అటువంటి హోదా లేదు. చట్టం వచ్చిన తొలినాళ్లలో, అయిదేళ్లు మందులు కలిపిన అనుభవం గల కాంపౌండర్లను మొదటి రిజిస్టరులో చేర్చుకున్నారు. ఆ తలుపు మూసుకొని చాలా కాలమైంది. ఇప్పుడు పదేళ్ల అనుభవమైనా డిప్లొమాకు బదులు కాదు.

అందుచేత నేను చెప్పవచ్చినది ఒక్కటే: పని మానవద్దు, కాని చదువును వదలవద్దు. డి.ఫార్మసీ రెండేళ్లు, ఆపైన కనీసం మూడు నెలల వ్యవధిలో 500 గంటల ప్రాయోగిక శిక్షణ. ఇదే పనిని ఏళ్ల తరబడి చేసినవాడు మళ్లీ శిక్షణ పొందడం విచిత్రంగానే తోచవచ్చు. 2022 నిబంధనలు నిష్క్రమణ పరీక్షను కూడా చేర్చాయి: మూడు పత్రాలు, ఒక్కొక్కదానిలో 50 శాతం మార్కులు రావాలి. పరీక్ష ఆంగ్లంలో ఉంటుంది. ఉర్దూ, తెలుగు మాధ్యమాల పిల్లలు దీనికే జంకుతారు. అయితే రోజంతా ఆంగ్లంలో మందుల పేర్లు చదివేవారికి సగం పదజాలం చేతిలో ఉన్నట్లే. డిప్లొమా తరువాత ఈసెట్ ద్వారా బి.ఫార్మసీ రెండవ సంవత్సరంలో నేరుగా చేరవచ్చు.

మన పిల్లలకు దారి తప్పుతున్నది ఇక్కడెక్కడా కాదు, పదవ తరగతి తరువాత. ఇంటర్‌లో భౌతిక, రసాయన శాస్త్రాలతోపాటు జీవశాస్త్రమో గణితమో చదివి ఉండాలి. తెలియక సీఈసీలో చేరినవానికి కౌంటరు దగ్గరే దారి ఆగిపోతుంది. ఈ మాట తల్లిదండ్రులకు ముందే చెప్పేవారు లేరు.

రిజర్వేషన్ల విషయం. బి.సి.-ఇ వర్గాలకు 4 శాతం ఉన్నది. న్యాయస్థానంలో వివాదం తేలకపోయినా, 2010 మార్చిలో సుప్రీంకోర్టు ఇచ్చిన మధ్యంతర ఉత్తర్వుతో అమలవుతున్నది. ముస్లింలందరూ దానిలోకి రారు. మీ కుటుంబం ఆ జాబితాలో ఉన్నదో లేదో ప్రవేశాల హడావిడి మొదలుకాక ముందే విచారించి, పత్రం సిద్ధం చేసుకోండి.

ఆడపిల్లల తల్లిదండ్రులకొక మాట. తన బాధను మగవాని ముందు చెప్పలేక, మందు ఎట్లా వాడాలో అడగకుండానే వెళ్లిపోయే స్త్రీలు మన బస్తీలలో ఎందరో. వారికోసమైనా కౌంటరు వెనుక ఒక ఆడపడుచు ఉండాలి.

శామీర్‌పేట ప్రక్కనే తుర్కపల్లి, జీనోమ్ వ్యాలీ. కొవాగ్జిన్ టీకాను తయారుచేసిన భారత్ బయోటెక్ అక్కడిదే. దేశీయ హెపటైటిస్-బి టీకాను 1997లో తెచ్చిన శాంతా బయోటెక్నిక్స్ మేడ్చల్‌ది. ఇంత పరిశ్రమ మన ముంగిట ఉన్నది. మీ వీధిలో ఈ ఏడు పది పాసైన పిల్లలెవరో, వారు ఏ గ్రూపులో చేరబోతున్నారో ఈ వారంలోనే కనుక్కోండి.