పాత ట్రాక్టరు పట్ల మమకారము



75 ఏండ్ల పాఠశాల పండుగలో పాత ట్రాక్టరు ప్రస్తావన ఏమిటని కొందరికి ఆశ్చర్యం కలుగవచ్చును. అయితే, పాతదానిని నిలబెట్టుకొనడమంటే ఏమిటో ఆ యంత్రం చక్కగా బోధిస్తుంది.

ఇంగ్లండులోని కొవెంట్రీ నగరంలో 1946లో ఫెర్గూసన్ టి.ఇ.20 అనే చిన్న బూడిదరంగు ట్రాక్టరు తయారీ ఆరంభమైనది. 1956 వరకు 5 లక్షలకు పైగా తయారైనవి. నేటికీ బ్రిటన్‌లో ఎందరో వాటిని కొని, విప్పి, బాగుచేసి, మురిపెంగా నడుపుకొంటున్నారు. దుక్కి పోటీలలో పాత ట్రాక్టర్లకు ప్రత్యేక విభాగాలు సైతం ఉన్నవి.

ఆ మమకారానికి కారణం లేకపోలేదు. దాని రూపకర్త హ్యారీ ఫెర్గూసన్ ఐర్లండు రైతు కుటుంబంలో 1884లో జన్మించాడు. పూర్వం నాగలిని ట్రాక్టరు వెనుక తగిలించి ఈడ్చేవారు. నాగలి రాతికి తగులుకొంటే ట్రాక్టరు ముందుభాగం పైకి లేచి, నడిపేవాని మీదికే తిరగబడే ప్రమాదముండేది. ఫెర్గూసన్ నాగలిని మూడు చోట్ల బిగించి, నూనె ఒత్తిడితో ఎత్తి దించే ఏర్పాటు చేశాడు. దుక్కిలో పడే భారమే వెనుక చక్రాలను నేలకు అదిమింది. కనుకనే తేలికైన యంత్రం బరువైన పని చేయగలిగింది. ఆ మూడు బిగింపుల పద్ధతి నేటి ట్రాక్టర్లలోనూ కొనసాగుతున్నది.

ఎడ్మండ్ హిల్లరీ బృందం ఈ రకం ట్రాక్టర్లకు పట్టాలు అమర్చి, మంచు మైదానాలు దాటి, 1958 జనవరి 4న దక్షిణ ధ్రువం చేరింది. పొలం దున్నే బండి భూగోళపు అంచును చూచినది!

ఈ వంశపు కొమ్మ మన దక్షిణదేశానికీ వచ్చినది. 1960లో చెన్నైలో స్థాపితమైన టాఫే సంస్థ మాసీ ఫెర్గూసన్ సహకారంతో ట్రాక్టర్ల తయారీకి పూనుకొన్నది. వాటిలో 1035 రకం పేరు రైతులకు సుపరిచితం.

పాత ట్రాక్టరును కొనడం సులభం, నడిపించుకొనడం కష్టం. రోజూ నూనె మట్టం చూడవలెను, గ్రీజు పెట్టవలెను, శబ్దంలోని తేడాను చెవితో పట్టవలెను. ఆ విద్య పుస్తకంలో కొంతే దొరుకుతుంది. తక్కినది పానా చేతబట్టిన పెద్దవాని ప్రక్కన నిలబడిన కుర్రవానికే అబ్బుతుంది. ఆ కుర్రవాడు రాని నాడు యంత్రం పాత ఇనుముగా మిగులుతుంది.

ఒక హెచ్చరిక కూడ అవసరం. నాగలి రాతికి తగిలితే కలిగే ప్రమాదాన్ని ఫెర్గూసన్ తగ్గించినా, గట్టు మీదనో వాలు నేల మీదనో ట్రాక్టరు పక్కకు దొర్లితే నడిపేవానిని కాపాడే చట్రం ఆ కాలపు ట్రాక్టర్లకు లేదు. తగిన చట్రం, బెల్టు అమర్చుకొనక వాలు నేలకు తీసుకొనిపోరాదు. పిల్లలను మడ్‌గార్డు మీద కూర్చుండబెట్టరాదు. మమకారం లోపాలను దాచరాదు, సరిదిద్దవలెను.

పాఠశాలకూ ఇదే ధర్మం. పూలమాలలతో పాతది బ్రతుకదు, పని చేస్తేనే బ్రతుకుతుంది. తాతలు చదివిన బల్లపై మనుమలు కూర్చుని తెలుగు అక్షరాలు దిద్దిన నాడే ఈ 75 ఏండ్లు సార్థకములగును. ఆ పిల్లలను ఇక్కడికి పంపవలసిన వారు ఈ సభలోనే ఉన్నారు.