గాబరా గోలీ: పాత చీటీతో వచ్చే ప్రమాదం

(పత్తర్‌గట్టిలో జరిగిన సొసైటీ వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)





ప్రతి ఏటా ఈ సమావేశంలో మాకు చదువు గురించి మాట్లాడే అవకాశం ఇస్తున్నారు. స్కాలర్‌షిప్పులు, యూనిఫారాలు, పదో తరగతి ఫలితాలు, ఇవే మా విషయాలు. ఈసారి మందుల సహాయ కమిటీ తరఫున మాట్లాడమన్నారు. మేము డాక్టర్లం కాము, బడిపంతుళ్లం. అయితే ఆ కమిటీలో మూడేళ్లుగా చీటీల మీద సంతకాలు పెడుతున్నది మేమే. ఆ సంతకాల వల్ల జరిగిన ఒక పొరపాటును, దాని నుంచి నేర్చుకున్న పాఠాన్ని దాతలైన మీ ముందు దాచకుండా చెప్పడం మా బాధ్యత. మీరిచ్చింది అమానతు. అమానతుకు లెక్క చెప్పాలి.

మన సహాయం అందుకునే వారిలో ఒక చెల్లె ఉంది. పేరు చెప్పము. కార్‌చోబ్ పని చేసి పిల్లల్ని సాకుతోంది. ఈ పత్తర్‌గట్టి దుకాణాల్లో పెళ్లికూతుళ్ల కోసం వేలాడే జరీ దుపట్టాల వెనుక ఇలాంటి చేతులు ఎన్నో ఉన్నాయి. 2021లో కరోనా రెండో దెబ్బలో ఆమె భర్త పోయాడు. ఇద్దత్ గడవకముందే ఆమెకు నిద్ర పోయింది. గుండె దడ, చేతుల వణుకు, ఊపిరి ఆడనట్టు గాబరా. డాక్టరు చూసి ఆల్ప్రాజోలం 0.25 మిల్లీగ్రాముల గోలీ రాత్రికి ఒకటి, పది రోజులకు రాసిచ్చారు. రాసింది పది రోజులకే. ఆ చీటీ మన ఆఫీసుకు వచ్చింది. మేము సంతకం పెట్టాము. తర్వాతి నెల అదే చీటీ వచ్చింది, మళ్లీ పెట్టాము. మూడేళ్లు పెట్టాము. ఒకటి రెండైంది, 0.25 కాస్తా 0.5 అయింది. ఎవరు పెంచారని మేము అడగలేదు. విధవరాలు, నిద్ర పట్టడం లేదంటోంది, మందు ఇప్పిస్తే సవాబు కదా అనుకున్నాము.

ముందుగా ఈ గోలీ ఏమిటో తెలుసుకుందాం.

ఆల్ప్రాజోలం, డయాజెపాం, లోరాజెపాం, క్లోనాజెపాం, క్లోర్‌డయాజెపాక్సైడ్, నైట్రాజెపాం, ఇవన్నీ ఒకే కుటుంబం. దాన్ని బెంజోడయాజెపైన్లు అంటారు. ఇందులో మొదటిదాన్ని లియో స్టెర్న్‌బాక్ అనే రసాయన శాస్త్రవేత్త కనిపెట్టారు. 1960లో అది లిబ్రియం పేరుతో, 1963లో డయాజెపాం వేలియం పేరుతో బజారుకు వచ్చాయి. మెదడును నెమ్మదింపజేసే గాబా అనే రసాయనం మన లోపల సహజంగానే ఉంటుంది. ఈ గోలీ దాని బలం పెంచుతుంది. అందుకే అరగంట, గంటలోనే గుండె దడ తగ్గుతుంది, కన్ను మూతపడుతుంది. ఫిట్స్ వచ్చినవారికి, ఆపరేషన్‌కు ముందు, తట్టుకోలేని గాబరాలో కొద్ది రోజులకు ఇది నిజంగా మేలు చేసే మందు. మేము మందును నిందించడానికి రాలేదు.

చిక్కు రోజులు పెరిగినప్పుడు వస్తుంది. మెదడు ఈ గోలీకి అలవాటు పడి తన సొంత పని తగ్గించుకుంటుంది. నిన్న ఒకటితో వచ్చిన నిద్రకు ఇవాళ రెండు కావాలి. అందుకే బ్రిటన్‌లో మందుల భద్రత కమిటీ 1988లోనే వీటిని రెండు నుంచి నాలుగు వారాలకు మించి వాడవద్దని డాక్టర్లకు సూచించింది. అమెరికా మందుల నియంత్రణ సంస్థ 2020లో ఈ మందులన్నింటి మీదా అలవాటు పడటం గురించి, ఆపితే వచ్చే ప్రమాదం గురించి అత్యంత గట్టి హెచ్చరిక ముద్రించమంది.

రోజువారీగా కనబడే ఇబ్బందులు ఇవి. పగలు మగత, మాట తడబడటం, నడకలో తూలడం, మతిమరుపు. ఆటో నడిపేవారికి, మిషన్ ముందు కూర్చునేవారికి ఆ మగతే ప్రమాదం. అరవై దాటినవారికి ఇంకా ఎక్కువ. రాత్రి బాత్‌రూముకు లేచి పడటం, తుంటి ఎముక విరగడం వెనుక చాలాసార్లు ఈ గోలీ ఉంటుంది. ఇంట్లో పెద్దమ్మకు మతి పోతోంది, వయసు వచ్చింది అనుకుంటాం. ఆమె తలగడ కింద ఏ గోలీ ఉందో చూడం. గర్భిణులు డాక్టరును అడగకుండా వేసుకోకూడదు, ఉన్నట్టుండి మానకూడదు కూడా. ఇక ట్రమడాల్ లాంటి గట్టి నొప్పి గోలీలతో, కోడీన్ ఉన్న దగ్గు మందుతో, మద్యంతో ఇది కలిస్తే నిద్రలోనే ఊపిరి ఆగిపోవచ్చు.

మన చెల్లె కూడా ఒక రాత్రి జారిపడింది. మణికట్టు విరిగింది. నెలన్నర సూది పట్టలేదు. ఆ వైద్యానికి కూడా సహాయం మనమే చేశాము. చేయి విరగడానికి, మనం ఇప్పించే గోలీకి సంబంధం ఉందేమోనని ఒక్కరికీ తట్టలేదు.

అసలు పొరపాటు తర్వాత జరిగింది. నిరుడు కమిటీలో కొత్త నియమం పెట్టాము. ఆరు నెలలు దాటిన చీటీకి సహాయం లేదన్నాము. నియమం మంచిదే. దాన్ని అమలు చేసిన తీరు మంచిది కాదు. రమజాన్‌కు రెండు రోజుల ముందు ఆమె చీటీ పక్కన పెట్టి, కొత్తది తెమ్మని పంపేశాము. ఆమె డాక్టరు దగ్గరకు పోలేదు. ఈ నెల గోలీ లేకుండానే రోజాలుంటాను, అల్లాహ్ చూసుకుంటాడు అనుకుంది. మొదటి రోజా నాడు చెమటలు, వణుకు. రెండో రాత్రి కన్ను మూయలేదు. మూడో రోజు ఇఫ్తార్ వేళ పిల్లల ముందే ఫిట్స్ వచ్చి పడిపోయింది. ఆమెకు అంతకుముందెన్నడూ ఫిట్స్ లేవు. జిన్ను పట్టిందన్నారు కొందరు, ఉపవాసం పడలేదన్నారు కొందరు. పెద్ద కొడుకు తెలివైనవాడు, ఖాళీ గోలీ పట్టీ జేబులో పెట్టుకుని దవాఖానకు తీసుకుపోయాడు. దాన్ని చూడగానే అక్కడి డాక్టరమ్మ అడిగిన మొదటి ప్రశ్న, "ఇది ఎప్పుడు ఆపారు?"

ఇలాంటిది మన రాష్ట్రం ముందే ఒకసారి చూసింది. తెలంగాణలో కల్తీ కల్లులో ఈ ఆల్ప్రాజోలం, డయాజెపాంలనే కలుపుతారు. 2015లో సర్కారు కల్తీ మీద దాడులు చేసినప్పుడు నిజామాబాద్, మహబూబ్‌నగర్ జిల్లాల్లో వందల మంది దవాఖానల పాలయ్యారు. వణుకు, ఫిట్స్, ఎవరో కనబడుతున్నట్టు వింత మాటలు. తాగినందుకు కాదు, ఒక్కసారిగా దొరకనందుకు. మనకు కల్లుతో ఏం పని అని మీరనవచ్చు. నిజమే, హరాం అని దూరం ఉంటాం. కాని ఆ కల్లు కుండలో కలిపేదీ, మన ఇంటి అల్మారాలో ఉన్నదీ ఒకే మందు. శరీరం రెంటికీ ఒకేలా అలవాటు పడుతుంది. 2025 సెప్టెంబరులో పాత బోయిన్‌పల్లిలో ఒక ప్రైవేటు బడి భవనంలోనే ఆల్ప్రాజోలం దొంగతనంగా తయారు చేస్తుంటే పోలీసులు పట్టుకున్నారు. కింద పిల్లలు చదువుతున్నారు, పైన ఈ పని. పంతుళ్లుగా ఆ వార్త చదివి మాకు ఆ పూట అన్నం సయించలేదు.

చట్టం లేక కాదు. 2014 మార్చి నుంచి ఆల్ప్రాజోలం, డయాజెపాం, క్లోర్‌డయాజెపాక్సైడ్, నైట్రాజెపాం, నిద్రకు వాడే జోల్పిడెం షెడ్యూల్ హెచ్1 కింద ఉన్నాయి. పెట్టె మీద ఎర్ర గీతల చతురస్రంలో హెచ్చరిక ఉంటుంది. దుకాణదారు రోగి పేరు, రాసిన డాక్టరు పేరు, ఎన్ని ఇచ్చారో వేరే రిజిస్టరులో రాసి మూడేళ్లు దాచాలి. అయినా పాత చీటీకి గోలీలు దొరుకుతూనే ఉన్నాయి. మన సొసైటీ ముద్ర పడిన చీటీ అయితే ఇక అడిగేవారే లేరు. మన మంచిపేరే అక్కడ తలుపు తెరిచింది.

కాబట్టి దయచేసి మూడు మాటలు గుర్తు పెట్టుకోండి.

ఒకటి. ఈ ప్రసంగం విని ఇంటికి వెళ్లి ఎవరి గోలీలూ పారేయకండి. వారాలు, నెలలుగా వాడుతున్నవారు ఒక్కసారిగా ఆపడమే అన్నింటికన్నా ప్రమాదం. డాక్టరు కొంచెం కొంచెంగా తగ్గిస్తారు. కొందరికి ఆల్ప్రాజోలం నుంచి, ఒంట్లో ఎక్కువసేపు నిలిచే డయాజెపాంకు మార్చి తర్వాత తగ్గిస్తారు. వారాలు పట్టవచ్చు, నెలలు పట్టవచ్చు.

రెండు. రమజాన్ రాకముందే డాక్టరును కలవండి. రోజుకు రెండు మూడు పూటల గోలీలు ఉన్నవారికి సహరీ, ఇఫ్తార్ వేళలకు సరిపడేలా మార్చగలరేమో వారే చెప్పాలి. రోగికి దీన్‌లో మినహాయింపు ఉంది. ఈ ఒక్క మాట జుమా నాడు చెప్పమని మన మసీదుల ఇమాం సాహెబులను వినయంగా కోరుతున్నాము.

మూడు. గాబరా ఒక జబ్బే, ఈమాన్ తక్కువై వచ్చేది కాదు. దానికి గోలీ ఒక్కటే వైద్యం కాదు. కౌన్సెలింగు ఉంది. అలవాటు చేయని వేరే రకం మందులూ ఉన్నాయి, అవి పని చేయడానికి కొన్ని వారాలు పడుతుంది, వాటినీ డాక్టరు చెప్పినట్టే ఆపాలి. నయాపూల్ దాటితే ఉస్మానియా దవాఖాన, ఇంకొంచెం పోతే ఎర్రగడ్డ. ఎర్రగడ్డ అంటే నవ్వుకునే అలవాటు మనం మానుకోవాలి. ఆ నవ్వుకు భయపడే మన ఆడవాళ్లు డాక్టరు గడప తొక్కకుండా పాత చీటీ పట్టుకుని దుకాణానికి పోతున్నారు. గడప దాటలేనివారు 14416కు ఫోన్ చేయవచ్చు. అది టెలి మానస్, సర్కారుది, ఉచితం.

కమిటీ ఏం చేసిందో కూడా చెబుతాము. ఈ గోలీలు వాడుతున్న వారి ఫైళ్లన్నీ తీసి చూశాము. ఆ చెల్లె ఒక్కతే కాదు. ఇకపై పాత చీటీ తెచ్చినవారిని ఉత్త చేతులతో తిప్పి పంపము. మన కార్యకర్త వెంట వెళ్లి అదే వారంలో డాక్టరుకు చూపించాలి. డాక్టరు తగ్గించే పద్ధతి రాసిస్తే, ఆ కాగితం ప్రకారమే మందు. ఆడవాళ్లకు తోడుగా ఆడ కార్యకర్త వెళ్తుంది. దీనికి ఆటో ఖర్చు కావాలి, ఆ పూట పని మానినందుకు కూలి డబ్బు కావాలి, అన్నింటికన్నా మనిషి కావాలి. గోలీల పట్టీ చౌక. మనిషి తోడు ఖరీదు. ఇన్నాళ్లు చౌకైనది ఇచ్చి సహాయం చేశామనుకున్నాము. దాతలు ఈ ఏడు మందుల పద్దుకు ఇచ్చేదానిలో కొంత ఈ తోడు పద్దుకు రాయాలని మా మనవి.

ఆ చెల్లె సంగతి చెప్పి ముగిస్తాము. ఎనిమిది నెలలుగా డాక్టరమ్మ గోలీ తగ్గిస్తూ వచ్చారు. మధ్యలో రెండుసార్లు తట్టుకోలేక ఆగింది, మళ్లీ మొదలుపెట్టింది. ఇప్పుడు రాత్రికి పావు గోలీకి వచ్చింది. నిద్ర పూర్తిగా రాలేదు, అబద్ధం చెప్పము. కాని చేతి వణుకు తగ్గి సూదిలో దారం తనే ఎక్కించుకుంటోంది. క్షమాపణ అడగడానికి మేము ఇంటికి వెళితే చాయ్ ఇచ్చి ఒక మాట అడిగింది. "మాస్టర్ సాబ్, మూడేళ్లలో ఒక్కసారైనా నిద్ర ఎందుకు పడతలేదని అడిగి ఉంటే చెప్పేదాన్ని కదా?"

మా దగ్గర జవాబు లేదు. ఇకనైనా అడుగుదాం. మనం ఇచ్చే ప్రతి రూపాయి మేలుగానే చేరేలా అల్లాహ్ మనకు తౌఫీఖ్ ఇవ్వాలని దుఆ చేస్తూ సెలవు తీసుకుంటున్నాము. ఆమీన్.