పదవికి ముందు, పదవికి తరువాత

ఒక నగరమునకు మేయరుగా పనిచేసినవారిని మనము దేనినిబట్టి జ్ఞాపకముంచుకొనవలెను? వేయించిన రోడ్లను బట్టియా, శిలాఫలకములపై చెక్కిన పేరును బట్టియా? హైదరాబాదు నగర చరిత్రలో ఈ ప్రశ్నకు మంచి సమాధానమొకటి ఉన్నది. అది రాణీ కుముదినీదేవిగారి జీవితము.

ఆమె 1911లో జన్మించినారు. తండ్రి పింగళి వెంకటరామారెడ్డిగారు నిజాం ప్రభుత్వమున ఉపప్రధాని. మెట్టినిల్లు వనపర్తి సంస్థానము. హైదరాబాదు, సికింద్రాబాదు పురపాలక సంస్థలు 1960లో ఏకమైనవి. 1962లో ఆమె ఆ జంటనగరములకు మేయరైనారు. ఆ పీఠమెక్కిన మొదటి మహిళ ఆమెయే. 1962 నుండి 1972 వరకు వనపర్తి పక్షమున శాసనసభలో కూర్చున్నారు. 1952లో సురవరం ప్రతాపరెడ్డిగారు గెలిచిన స్థానమది.

కాని మేము చెప్పదలచినది ఈ పదవులను గూర్చి కాదు. మేయరగుటకు నాలుగేండ్లు ముందే, 1958లో, ఆమె కూకటిపల్లిలో కుష్ఠురోగులకై శివానంద పునరావాస కేంద్రమును స్థాపించినారు. ఆనాడు కూకటిపల్లి ఊరికి వెలుపలి పల్లె. ఆనాడు రోగికి మందుకంటె ముందు లభించినది వెలి. కన్నబిడ్డలే పళ్ళెము వేరుచేసిరి. బస్సులో ప్రక్కచోటు ఖాళీ అయ్యెడిది. రాణివాసపు స్త్రీ వారి చెంత నిలుచుటయే ఒక ఉపన్యాసము. ఓట్లు రాని పని అది. అందుచేతనే అది సేవ.

ఈ వ్యాధికి కారణమైన సూక్ష్మజీవిని 1873లోనే హాన్సెన్ కనుగొనినాడు. ఇది పూర్వజన్మ పాపము కాదు, వంశదోషమును కాదు. ఆమె కేంద్రమును స్థాపించిన నాటికి డాప్సోను ఒక్కటే ప్రధానమైన మందు. ఏండ్ల తరబడి మ్రింగవలసి యుండెను. 1981లో ప్రపంచ ఆరోగ్యసంస్థ పలుమందుల చికిత్సను సూచించిన పిమ్మట, ఆరునెలలలో గాని ఏడాదిలో గాని నయమగుచున్నది. శాసనములు మాత్రము మెల్లగా కదలినవి. రోగులను నిర్బంధించుటకు వీలిచ్చిన 1898నాటి చట్టము 2016లో రద్దైనది. విడాకులకు కుష్ఠు ఒక కారణమను నిబంధన 2019లో తొలగినది. ఆమె 2009లోనే, తొంబది యెనిమిదవ యేట కన్నుమూసినారు.

నేడు కూకటిపల్లి మహానగరములో భాగము. దూరముగా పంపినవారి వాకిటికి నగరమే నడచి వచ్చినది. మన మనస్సులు కూడ అంతదూరము నడచినవా? శ్రోతలారా, చర్మముపై స్పర్శ తెలియని మచ్చ కనిపించినచో దాచక వైద్యునకు చూపుడు. చికిత్స పొందినవాడు ప్రక్కన కూర్చున్నచో లేచిపోకుడు. ఆ తల్లికి మనము చెల్లింపగల నివాళి అదియే.